హిచ్‌కాక్ ‘నంబర్ థర్టీన్’: విడుదలకు నోచుకోని తొలి చిత్రం

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దర్శకుడిగా చేపట్టిన మొట్టమొదటి సినిమా ‘నంబర్ థర్టీన్’. 1922లో లండన్‌లోని ఇస్లింగ్టన్ స్టూడియోలో షూటింగు మొదలైంది. కొద్ది సన్నివేశాలు తీసేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. పని ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. ‘మిసెస్ పీబడీ’ అని మరో పేరు కూడా ఉన్న ఈ మూకీ చిత్రం రీళ్లు ఈనాడు లేవు. కొన్ని ఫోటోలు, నటీనటుల పేర్లు, దర్శకుడు చాలా ఏళ్ల తర్వాత చెప్పిన నాలుగు మాటలు మిగిలాయి. సినిమా చరిత్ర పుస్తకాలు దీన్ని ఒక పేరాలో దాటేస్తాయి. ఆ పేరాలో కూడా పెద్ద దర్శకుడి తప్పటడుగు అన్న ధోరణే ఉంటుంది. కానీ ఈ చిత్రం ఆగిన తీరులో దర్శకుడి లోపం కంటే ఆనాటి బ్రిటిష్ సినిమా ఆర్థిక స్వరూపం స్పష్టంగా బయటపడుతుంది. స్టూడియో ఎవరిది, పెట్టుబడి ఎవరిది, తీసిన బొమ్మ హాలు దాకా వెళ్లే దారి ఎవరి చేతిలో ఉంది అన్నవి చూస్తే గాని దీని కథ అర్థం కాదు.

ఇస్లింగ్టన్ స్టూడియోను సినిమాల కోసం కట్టలేదు. రీజెంట్స్ కాలువ పక్కన, పూల్ స్ట్రీట్‌లో, ఒక రైల్వే కంపెనీకి కరెంటు అందించిన విద్యుత్ కేంద్రం అది. 1919లో అమెరికాకు చెందిన ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ సంస్థ బ్రిటన్‌లో శాఖ పెట్టి ఆ భవనాన్ని స్టూడియోగా మార్చింది. పారమౌంట్ పేరుతో చిత్రాలను పంపిణీ చేసిన సంస్థ ఇదే. లైట్లు, యంత్రాలు, పని పద్ధతి అన్నీ అమెరికావి. దర్శకుల్లోనూ కథావిభాగంలోనూ అక్కడి నుంచి వచ్చినవారే ఎక్కువ. ఇంగ్లిష్ రచయితల కథలను ఇంగ్లండ్‌లోనే అమెరికన్ పనితనంతో తీస్తే రెండు దేశాల్లోనూ ఆడతాయని యాజమాన్యం లెక్క. లెక్క కుదరలేదు. ఆ చిత్రాలు ఇక్కడా అక్కడా ఓ మోస్తరుగానే ఆడాయి. 1922లో సంస్థ సొంత నిర్మాణం ఆపేసి, స్టూడియోను అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆ స్టూడియోలో టైటిల్ కార్డుల విభాగంలో పనిచేస్తున్న కుర్రవాడు హిచ్‌కాక్. లండన్ తూర్పు శివారు లేటన్‌స్టోన్‌లో 1899 ఆగస్టు 13న ఒక కూరగాయల వ్యాపారి ఇంట పుట్టాడు. తండ్రి పోయాక హెన్లీ అనే కేబుళ్ల కంపెనీలో అంచనాలు వేసే గుమాస్తాగా చేరాడు. సాయంత్రాలు గోల్డ్‌స్మిత్స్ కళాశాలలో బొమ్మలు వేయడం నేర్చుకుని, అదే కంపెనీ ప్రకటనల విభాగానికి మారాడు. అమెరికన్ సంస్థ మేరీ కొరెల్లీ నవల ‘ది సారోస్ ఆఫ్ సేటన్’ను సినిమాగా తీయబోతోందని సినీ వ్యాపార పత్రికలో చదివి, ఆ నవలకు తగిన టైటిల్ బొమ్మలు వేసి పట్టుకెళ్లాడు. ఆ సినిమా అప్పట్లో వాళ్లు తీయలేదు గాని ఉద్యోగం దొరికింది. 1921 నాటికి హెన్లీ కొలువు వదిలి పూర్తిగా స్టూడియోకు వచ్చేశాడు.

టైటిల్ కార్డుల పని చిన్నదిగా కనిపిస్తుంది గాని, మూకీల కాలంలో అది కథ మర్మం తెలిసే చోటు. పాత్ర పెదవులు ఏం పలికినా ప్రేక్షకుడు నమ్మేది కార్డు మీది మాటనే. తీసిన చిత్రం బాగా రాకపోతే కార్డులు మార్చి కథ మార్చేవారు. గంభీరమైన నాటకం తేలిపోతే దాన్నే హాస్యంగా మలిచేవారు. హిచ్‌కాక్ కూర్చున్న విభాగంలో కథకులు, కూర్పరులు పక్కపక్కనే పనిచేశారు. స్క్రిప్టు రాయడం, సెట్టు గీయడం, అవసరమైతే ఒకటి అరా షాట్లు తీసిపెట్టడం అన్నీ అక్కడే అలవడ్డాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికన్ యాజమాన్యం తనంత తాను చిత్రాలు తీయడం మానేసినప్పుడు స్టూడియోలో కొద్దిమంది సిబ్బందిని మాత్రమే ఉంచుకుంది. పని తక్కువ, చోటు ఎక్కువ. సొంతంగా ఏదైనా తీద్దామన్న ఆలోచన ఎవరికైనా పుట్టే పరిస్థితే అది.

కథ అనితా రాస్‌ది. ఆమె కూడా ఆ స్టూడియోలోనే పనిచేసేది. అంతకు ముందు చార్లీ చాప్లిన్ దగ్గర పనిచేసిందన్న పేరు ఆమెకు ఉండేది. ఆ రోజుల్లో చాప్లిన్ నీడన నిలబడి వచ్చినవారి మాటకు ఎదురుండేది కాదు. కథ ఆమె రాసింది, కొంత డబ్బు పోగైంది, దర్శకత్వం హిచ్‌కాక్ చేతికి వచ్చింది. కెమెరా జో రోసెంథాల్ పట్టాడు. ఒక పెద్ద సంస్థ పథకం ప్రకారం మొదలైన చిత్రం కాదిది. ఖాళీగా ఉన్న స్టూడియోలో తెలిసినవాళ్లు కలిసి మొదలుపెట్టిన ప్రయత్నం.

కథ జరిగే చోటు పీబడీ భవనాలు. మసాచుసెట్స్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన అమెరికన్ బ్యాంకరు జార్జ్ పీబడీ, లండన్ పేదలకు తక్కువ అద్దె ఇళ్లు కట్టించడానికి 1862లో 1,50,000 పౌన్లు విరాళం ఇచ్చాడు. తర్వాత ఇచ్చినవి, మరణశాసనంలో రాసినవి కలిపితే మొత్తం 5,00,000 పౌన్లు. మొదటి భవనం 1864లో స్పిటల్‌ఫీల్డ్స్‌లోని కమర్షియల్ స్ట్రీట్‌లో తెరుచుకుంది. చాలా భవనాలకు నమూనా గీసినవాడు హెన్రీ ఆస్ట్లీ డార్బిషైర్. నడుమ పెద్ద ముంగిలి, చుట్టూ నాలుగైదు అంతస్తుల ఇటుక గోడలు, ఒకే తీరు కిటికీలు. ఇస్లింగ్టన్‌లో గ్రీన్‌మన్ స్ట్రీట్‌లోని పీబడీ ఇళ్లు స్టూడియో నుంచి నడిచి వెళ్లే దూరమే.

ఇళ్లు చవకే గాని నియమాలు గట్టివి. అద్దె వారం వారం ముందుగా కట్టాలి. ఇంటిల్లిపాదీ మశూచి టీకా వేయించుకుంటే తప్ప గది ఇచ్చేవారు కారు. మెట్లు, నడవలు వంతులవారీగా కుటుంబాలే శుభ్రం చేయాలి. రాత్రి పదకొండుకు వీధి గేటు మూసేవారు. దానం చేసినవాడి ఉద్దేశం పేదవాడికి గూడు కల్పించడం. నిర్వాహకుల చేతిలో అది పేదవాడిని క్రమశిక్షణలో పెట్టే ఏర్పాటుగానూ మారింది. నికార్సయిన నిరుపేదలకు ఆ అద్దె కూడా భారమేననీ, వారం వారం జీతం వచ్చే పనివాళ్లకే ఇవి దక్కాయనీ 19వ శతాబ్దంలోనే విమర్శ వచ్చింది. ఒకే కప్పు కింద వందల కుటుంబాలు, పొరుగువాడి ప్రతి కదలికా తెలిసే బతుకు: కథకు ఇంతకంటే సరుకు అక్కర్లేదు. సెట్టు పరంగానూ సౌకర్యం. పేదవాడి గది వేయడానికి పాలరాయి స్తంభాలు, తివాసీలు కావాలా? రెండు గోడలు, ఒక పొయ్యి, ఒక మంచం చాలు.

ఇక్కడ ఒక పోలిక తప్పకుండా తడుతుంది. పీబడీ భవనాలు అమెరికన్ డబ్బుతో లండన్‌లో లేచినవి, ఇస్లింగ్టన్ స్టూడియో కూడా అంతే. మొదటి డబ్బు దానం కాబట్టి ట్రస్టు రూపంలో అక్కడే ఉండిపోయింది. పీబడీ సంస్థ ఇప్పటికీ లండన్‌లో ఇళ్లు నడుపుతోంది. రెండోది వ్యాపారం కాబట్టి లాభం కనిపించనప్పుడు వెనక్కి వెళ్లింది. ఆ రెండు పెట్టుబడుల నడుమ ‘నంబర్ థర్టీన్’ నలిగింది.

ముఖ్యపాత్రలకు ఇద్దరు అనుభవమున్న రంగస్థల నటులు వచ్చారు. క్లేర్ గ్రీట్ లండన్ వీధి యాసతో పనిమనిషి, ఇంటి యజమానురాలు వంటి పాత్రలకు పేరు పొందిన నటి. 1905లో బెర్నార్డ్ షా ‘మేజర్ బార్బరా’ తొలి ప్రదర్శనలో రమ్మీ మిచెన్స్ పాత్ర ఆమెదే. ఎర్నెస్ట్ థెసిజర్‌ది వేరే ప్రపంచం. పొడుగాటి సన్నని మనిషి, పెద్దింటి బిడ్డ, కుట్టుపనిలో నిపుణుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడి తిరిగివచ్చి, అంగవైకల్యం పొందిన సైనికులకు కుట్టుపని నేర్పించే కృషికి పూనుకున్నాడు. ఆ తర్వాత 1924లో షా ‘సెయింట్ జోన్’ లండన్ ప్రదర్శనలో యువరాజు పాత్ర, 1935లో హాలీవుడ్ ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’లో డాక్టర్ ప్రిటోరియస్ పాత్ర ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చాయి. భారతీయ పాఠకులకు ఆయన ఇంటిపేరుతో మరో పరిచయం ఉంది. 1916 నుంచి 1921 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆయనకు పెదనాన్న కొడుకు.

లండన్‌లో తీసే చిన్న చిత్రాలకు ఒక వెసులుబాటు ఉండేది. నాటకశాలలు, స్టూడియోలు ఒకే నగరంలో ఉండడంతో నటులు పగలు కెమెరా ముందు, రాత్రి రంగస్థలం మీద పనిచేసేవారు. హాలీవుడ్‌లో లాగా దీర్ఘకాల ఒప్పందాలు, నెలజీతాలు అక్కర్లేదు. అయినా కనీసపు ఖర్చులు తప్పవు. స్టూడియో అద్దె రోజు లెక్క. కరెంటు ఖర్చు వేరు. ముడి ఫిల్ము, దాన్ని కడిగే ల్యాబ్, వడ్రంగులు, లైట్ల మనుషులు, ఇవన్నీ ఏ రోజుకు ఆ రోజు చెల్లించాల్సినవే. చేతిలో కొద్ది సొమ్ముతో మొదలుపెట్టినవాడు ఒక వారం ఆలస్యమైతే తట్టుకోలేడు. పంపిణీదారు ముందుగా ఇచ్చిన అడ్వాన్సు గాని, బ్యాంకు హామీ గాని లేని చిత్రం ఏ రోజైనా ఆగొచ్చు.

డబ్బు తిరిగివచ్చే దారి ఇంకా పొడుగు. అమెరికన్ చిత్రానికి సొంత దేశంలోనే వేల హాళ్లు ఉండేవి. ఖర్చంతా అక్కడే రాబట్టుకుని, బ్రిటన్‌కు వచ్చేసరికి దొరికిన కాడికి అమ్మగలిగేది. బ్రిటన్‌లో ఉన్న హాళ్లు నాలుగు వేల లోపే. వాటిని కూడా అమెరికన్ పంపిణీ సంస్థలు ముందుగానే కట్టిపడేశాయి. ఒక పెద్ద తార చిత్రం కావాలంటే దాంతో పాటు ఏడాది సరుకు మొత్తం కొనాలి. అందులో ఇంకా తీయని చిత్రాలు కూడా ఉండేవి. దీంతో హాళ్లు ఏడాది, ఏడాదిన్నర ముందే నిండిపోయేవి. అప్పుడే పూర్తయిన బ్రిటిష్ చిత్రం తెర మీదికి రావడానికి అంతకాలం వేచి ఉండాలి. అన్నాళ్లూ పెట్టుబడి మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పెద్ద సంస్థలకే ఇది గుదిబండ. తెలిసినవాళ్ల దగ్గర పోగుచేసిన సొమ్ముతో తీసే చిత్రం సంగతి చెప్పేదేముంది?

‘నంబర్ థర్టీన్’ డబ్బు షూటింగు మధ్యలోనే హరించుకుపోయింది. హిచ్‌కాక్ కుటుంబంలోని ఒక పెద్ద కొంత సర్దాడు. క్లేర్ గ్రీట్ తన చేతి డబ్బు పెట్టింది. పారితోషికం తీసుకోవాల్సిన నటి పెట్టుబడి పెట్టవలసి వచ్చిందంటే ఆ చిత్రం పరిస్థితి అర్థమవుతుంది. అదీ చాలలేదు. అమెరికన్ యాజమాన్యం అప్పటికే సొంత నిర్మాణానికి తెరదించింది. ఆదుకోగల సంస్థ ఏదీ దగ్గర్లో లేదు. చిత్రం అసంపూర్తిగా డబ్బాలో ఉండిపోయింది. గ్రీట్ చేసిన మేలును హిచ్‌కాక్ మరిచిపోలేదని చెప్పడానికి ఆయన చిత్రాల తారాగణమే సాక్ష్యం: ‘ది రింగ్’, ‘ది మ్యాంక్స్‌మన్’, ‘మర్డర్!’, 1934 నాటి ‘ది మ్యాన్ హూ న్యూ టూ మచ్’, ‘సబొటాజ్’, చివరికి ‘జమైకా ఇన్’ వరకు ఆమెకు ఏదో ఒక పాత్ర ఉంటూనే వచ్చింది. పాత్రలు చిన్నవే. 1939లో ‘జమైకా ఇన్’ వచ్చిన ఏడాదే ఆమె కన్నుమూసింది.

స్టూడియో వదలకుండా అక్కడే ఉండడం హిచ్‌కాక్‌కు కలిసివచ్చింది. 1923లో నటుడు, నిర్మాత సీమర్ హిక్స్ ‘ఆల్వేస్ టెల్ యువర్ వైఫ్’ అనే చిన్న చిత్రం అక్కడ తీస్తుండగా దర్శకుడు మధ్యలో తప్పుకున్నాడు. మిగతా భాగం హిక్స్‌తో కలిసి హిచ్‌కాక్ పూర్తిచేశాడు. అదే ఏడాది మైఖేల్ బాల్కన్, విక్టర్ సావిల్ అనే నిర్మాతల బృందం ‘ఉమన్ టు ఉమన్’ కోసం స్టూడియోను అద్దెకు తీసుకుంది. దర్శకుడు గ్రాహమ్ కట్స్. హిచ్‌కాక్ సహాయ దర్శకత్వం, స్క్రిప్టు, కళ మూడూ చూసుకున్నాడు. కూర్పు ఆల్మా రెవిల్‌ది, ఈమే తర్వాత ఆయన భార్య. ‘నంబర్ థర్టీన్’తో పోల్చి చూడదగ్గ చిత్రం ఇది. కథానాయిక బెట్టీ కాంప్సన్‌ను వారానికి 1,000 పౌన్లు ఇచ్చి అమెరికా నుంచి పిలిపించారు. అనుభవం లేని నిర్మాతలు చేసిన దుబారాలా కనిపించే ఆ ఖర్చే చిత్రానికి అమెరికన్ మార్కెట్ తలుపు తీసింది. పొదుపుగా తీసిన చిత్రం పూర్తి కాలేదు, ధారాళంగా ఖర్చుపెట్టింది లాభం తెచ్చింది. బ్రిటన్‌లో చవక చిత్రం సురక్షితమన్న నమ్మకం ఎంత బోలుదో దీన్ని బట్టే తెలుస్తుంది. ఖర్చు తగ్గినంత మాత్రాన హాలు దొరకదు. తర్వాత బాల్కన్ ఆ స్టూడియోనే 14,000 పౌన్లకు వాయిదాల మీద కొన్నాడు. అమెరికన్ యాజమాన్యం మొదట అడిగింది లక్ష పౌన్లు.

పూర్తయిన చిత్రాలకు కూడా విడుదల గ్యారంటీ లేదు. హిచ్‌కాక్ 1925లో మ్యూనిక్ కేంద్రంగా ‘ది ప్లెజర్ గార్డెన్’, ఆ వెంటనే ‘ది మౌంటెన్ ఈగిల్’ తీశాడు. పంపిణీదారు సి.ఎం. వూల్ఫ్‌కు అవి నచ్చలేదు, పక్కన పెట్టాడు. 1926లో ‘ది లాడ్జర్’ చూసి దాన్నీ పక్కన పెట్టాడు. అంటే అసంపూర్తిగా ఆగిన ఒక చిత్రం తర్వాత, పూర్తయి ఆగిన చిత్రాలు మూడు. అప్పుడు బాల్కన్ ఐవర్ మాంటేగు అనే ఇరవై రెండేళ్ల యువకుణ్ణి పిలిపించాడు. అతను ‘ది లాడ్జర్’లో మూడు వందల దాకా ఉన్న టైటిల్ కార్డులను ఎనభైకి కుదించి, కొన్ని షాట్లు మళ్లీ తీయించి, కార్డుల మీది బొమ్మలు మెక్‌నైట్ కాఫర్ అనే చిత్రకారుడి చేత వేయించాడు. 1926 సెప్టెంబరులో వ్యాపారవర్గాలకు చూపిస్తే ప్రశంసలు కురిశాయి. 1927 మొదటి అర్ధభాగంలో మూడు చిత్రాలూ ఒకదాని వెంట ఒకటి బయటికొచ్చాయి. భారత కార్యదర్శిగా పనిచేసిన ఎడ్విన్ మాంటేగుకు ఈ ఐవర్ అన్నగారి కొడుకు. మన చరిత్ర పాఠాల్లోని మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ జంట పేర్లు హిచ్‌కాక్ కథలోనూ ఇలా రెండు చోట్ల తగులుతాయి: ఆగిపోయిన మొదటి చిత్రంలో చెమ్స్‌ఫర్డ్ బంధువు, ఆగిపోబోయిన చిత్రాన్ని ఒడ్డెక్కించినవాడు మాంటేగు బంధువు.

1926 నాటికి బ్రిటిష్ హాళ్లలో ఆడుతున్న చిత్రాల్లో స్వదేశీవి ఐదు శాతం దరిదాపుల్లోకి పడిపోయాయి. ప్రభుత్వం 1927లో సినిమాటోగ్రాఫ్ ఫిల్మ్స్ చట్టం తెచ్చింది. పంపిణీదారులు ఏడున్నర శాతం, హాళ్లు ఐదు శాతం బ్రిటిష్ చిత్రాలు తప్పనిసరిగా తీసుకోవాలనీ, ఆ కోటా క్రమంగా ఇరవై శాతానికి పెరగాలనీ నియమం. చూడని చిత్రాలను ముందే అంటగట్టే పద్ధతికి కూడా ఆ చట్టం అడ్డుకట్ట వేయబోయింది. ఫలితం వింతగా వచ్చింది. కోటా నింపడానికి అమెరికన్ సంస్థలే లండన్‌లో చవకబారు చిత్రాలు చుట్టబెట్టించాయి. కోటా క్వికీలని పేరుపడ్డ ఆ చిత్రాల నాణ్యత ఎలా ఉన్నా, 1922లో లేనిది ఒకటి వాటికి ఉంది: తీసే ముందే ఖాయమైన విడుదల. ‘నంబర్ థర్టీన్’ లాంటి చిన్న చిత్రం పదేళ్లు ఆలస్యంగా మొదలై ఉంటే పూర్తయ్యేదనుకోవడంలో తప్పులేదు.

విడుదల కాకపోవడం వల్ల కలిగిన రెండో నష్టం డబ్బుకు సంబంధించింది కాదు. విడుదలైన చిత్రానికి పదుల కొద్దీ ప్రింట్లు తీస్తారు. అవి ఊళ్లు, దేశాలు తిరుగుతాయి, ఎక్కడో ఒకచోట మిగిలిపోతాయి. కట్స్ దర్శకత్వంలో హిచ్‌కాక్ పనిచేసిన 1924 నాటి ‘ది వైట్ షాడో’ పూర్తిగా పోయిందనుకున్నారు. 2011లో న్యూజిలాండ్ ఆర్కైవ్‌లో దాని ఆరు రీళ్లలో మూడు దొరికాయి. విడుదలే కాని చిత్రానికి ఉండేది ఒక్క నెగెటివ్, మహా అయితే ఒక పని ప్రింటు. అది నైట్రేట్ ఫిల్ము. సులువుగా అంటుకుంటుంది, నిల్వ బాగులేకపోతే జిగురై పొడైపోతుంది. అక్కర తీరిన ఫిల్మును వెండి కోసం కరిగించడం కూడా ఆనాటి మామూలు వ్యవహారమే. విడుదలైనంత మాత్రాన బతికి బట్టకట్టినట్టేనని కూడా అనుకోనక్కర్లేదు. బ్రిటిష్ మూకీల్లో ఎక్కువ భాగం లేకుండా పోయాయి. హాళ్లలో ఆడిన ‘ది మౌంటెన్ ఈగిల్’ ఈ రోజుకీ దొరకలేదు. సుమారు ‘నంబర్ థర్టీన్’ కాలంలోనే, లండన్ శివారు ఈలింగ్‌లోని బార్కర్ స్టూడియోలో పని నేర్చుకుని వచ్చిన రఘుపతి ప్రకాశ్, తండ్రి వెంకయ్య నాయుడుతో కలిసి మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రేక్షకుల ముందుకు వచ్చింది. దాని ప్రింటూ మిగల్లేదు.

హిచ్‌కాక్ మూకీల్లో మిగిలిన తొమ్మిదింటిని 2012లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పునరుద్ధరించి ప్రదర్శించింది. ఆ వరుస ‘ది ప్లెజర్ గార్డెన్’తో మొదలవుతుంది. ‘నంబర్ థర్టీన్’ గురించి దర్శకుడి మాటల్లో అందరూ ఉదహరించేవి 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లోనివి. నలభై ఏళ్ల తర్వాత చెప్పినవి కాబట్టి జాగ్రత్తగా చదవాల్సినవే. చిత్రం అంత బాగా ఏమీ రాలేదనీ, సరిగ్గా అప్పుడే అమెరికన్లు స్టూడియో మూసేశారనీ ఆయన తేల్చేశాడు. ఈ రెండు కారణాల్లో మొదటిదాన్ని సరిచూసే ఆధారం మిగల్లేదు. రెండోదానికి, అంటే అమెరికన్లు సొంత నిర్మాణం ఆపేశారన్నదానికి, స్టూడియో చరిత్రే రుజువు.